రేకు పడవకు బల్ల వేయుటకు ముందు

కృష్ణ ఒడ్డు గ్రామాలలో పడవ కూడ వ్యవసాయపు పనిముట్టే. లంకలో అరటి, పసుపు, కూరగాయలు వేసిన రైతుకు ఎరువు బస్తా చేరవలెనన్నను, కోసిన గెల ఒడ్డుకు రావలెనన్నను పడవ కావలెను. పొలము పని లేని నెలలలో అదే పడవ వల వేయుటకు పనికివచ్చును. అయినను నాగలిని గూర్చి, స్ప్రేయరును గూర్చి, ట్రాక్టరును గూర్చి వ్రాసినంతగా మనము పడవను గూర్చి వ్రాయము. అది బెస్తవారి సంగతి, మనకెందుకని అనుకొందుము. ఆ ఉపేక్ష వలన కొన్ని పొరపాట్లు జరుగుచున్నవి. అందులో ఒకటి నా సలహా వల్లనే జరిగినది గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మంగళగిరి ప్రాంతమునకు పడవ కొత్తది కాదు. సీతానగరము వద్ద బయలుదేరిన కాలువలో పడవలు దుగ్గిరాల లాకులు దాటి, కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాము చేరి, అక్కడినుండి బకింగ్‌హాము కాలువలో మదరాసు వరకు సరకు చేరవేసిన రోజులు పెద్దలకు తెలియును. అవన్నియు కొయ్య పడవలు. గట్టున మనుషులు నడచుచు త్రాళ్ళతో లాగెడివారు. తరువాత నదిలో ఫైబరు పడవ వచ్చినది. ఇప్పుడు అల్యూమినియపు రేకు పడవను గూర్చి అడిగేవారు కనిపించుచున్నారు. అడుగుటకు కారణము లేకపోలేదు. 12 అడుగుల రేకు పడవ 60, 70 కిలోలకు మించదు. ఇద్దరు మనుషులు ఎత్తి గట్టు మీద పెట్టవచ్చును, ట్రాలీ ఆటోలో వేసికొని పోవచ్చును. కొయ్య పడవ వలె యేటేటా గడ్డకెక్కించి, సందులు కూరి, తారు పూయనక్కరలేదు. చెద పట్టదు, కుళ్ళదు. సముద్రపు పడవల కొయ్యను పురుగు తినకుండ అడుగున కొట్టే రాగి రేకునకు బదులు అల్యూమినియము, మెగ్నీషియము కలిసిన రేకును కొచ్చిన్‌లోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధనా సంస్థ చాల కాలము క్రిందటనే ప్రవేశపెట్టినది. కావున ఈ లోహము నీటికి నిలుచునా అను సందేహము అక్కరలేదు. సరియైన రకమైతే నిలుచును. పడవకు వాడవలసిన రకములు 5052, 5083 అను అంకెలతో దొరకును. ఇంటి కప్పుకు వేసే రేకును, గిన్నెల రేకును మడిచి పడవ అని అమ్మితే కొనరాదు.

కొన్నవారు దానిని ఉన్నదున్నట్లు ఉంచుకొనరు. ఇందులో వారి తప్పు లేదు. ఈ జిల్లా ఎండలో ఖాళీ రేకు మీద కాలు పెట్టలేము. అడుగున ఉబ్బెత్తుగా ఉండే పట్టీలకు, రివిట్ల తలలకు వల తగులుకొనును. నిలబడి వల విసరుటకు చదునైన తావు ఉండదు. అందుచేత ప్లైవుడ్ తెచ్చి పైన బల్ల వేయుట, క్రింద పెట్టెలు కట్టుట, వెనుక మోటారు బిగించుట మొదలగు పనులు ఎవరికి వారే చేసికొనుచున్నారు. అమెరికాలో ఇటువంటి చిన్న రేకు పడవలను పెరటిలో పెట్టుకొని తమకు తగినట్లు మార్చుకొనుట ఎందరికో సెలవురోజుల పని. అక్కడి పద్ధతిని ఫోనులో చూచి మనవాళ్ళు చేయుచున్నారు. అయితే ఆ చిత్రములలో కనిపించని సంగతి ఒకటున్నది. 1971లో అక్కడ పడవల భద్రతకు చట్టము వచ్చిన పిమ్మట, 20 అడుగుల లోపు పడవ నీటితో నిండినను మునగకుండ తేలవలెనని తయారీదారులకు నిబంధన పెట్టినారు. ఎందరిని, ఎంత బరువును మోయగలదో పడవ మీదనే పలక బిగించి చెప్పవలెనన్నారు. అనగా తేలించే సరంజామా ఆ పడవలో ముందుగానే ఉన్నది, ఆ పైన వారు బల్ల వేసికొనుచున్నారు. మనము ఆ మొదటి సగమును వదలి రెండవ సగమును మాత్రము తెచ్చుకొంటిమి.

ఇక నా పొరపాటు. వరుసకు తమ్ముని కొడుకు ఒకడు పాత రేకు పడవను కొన్నాడు. "పెదనాన్నా, ఈ అడ్డుబల్లలు కోసేసి పైన చదునుగా బల్ల వేసుకుంటే ఎట్లా ఉంటుంది?" అని అడిగినాడు. "భేషుగ్గా ఉంటుందిరా, చేయించు" అంటిని. వ్యవసాయ శాఖలో ఇన్నేండ్లు పనిచేసి, సలహా అడిగితే కాదనుట చేతకాని అలవాటు ఒకటి నాకున్నది. వాడు నడిమి అడ్డుబల్లను కోయించినాడు. దాని క్రింద మరమరాల ఉండలవలె తెల్లని ముద్ద ఒకటి ఉన్నది. ఎలుకలు కొట్టిన థర్మోకోలు అనుకొని ఊడ్చి పారబోసినారు. రెండు ప్లైవుడ్ పలకలు మోకాలి ఎత్తున బిగించినారు. చూచుటకు పెండ్లి వేదికవలె ఉన్నది. మొదటి వారములోనే బ్యారేజికి ఎగువన వల లాగుచుండగా ఇద్దరు ఒకే ప్రక్కకు వంగినారు. అంచు నీటిని త్రాగినది. మోటారు బరువునకు వెనుక భాగము ముందు మునిగి, కేక వేసి మరొకరిని పిలుచునంతలో పడవ అడుగునకు పోయినది. ఇద్దరికి ఈత వచ్చును, దగ్గరలో కొయ్య పడవ ఉన్నది, కనుక బ్రతికినారు. మరునాడు రెండు నిలువుల లోతునుండి పడవను త్రాళ్ళతో తీసినారు. వాడు నన్నొక మాట అనలేదు. అనియుంటే బాగుండెడిది.

కొయ్య పడవ నీటితో నిండినను అంచు వరకు మునిగి తేలుచుండును. దానిని పట్టుకొని మనిషి గంటల తరబడి ఉండగలడు. మన రేవులలో పుట్టి పెరిగిన వారందరికి ఇదే అనుభవము, ఇదే ధైర్యము. రేకు పడవకు ఈ గుణము లేదు. అల్యూమినియము ఎంత తేలికయైనను నీటికి 2.7 రెట్లు బరువు. లోపల గాలి ఉన్నంతసేపే తేలును. నీరు నిండిన క్షణమున అది చెరువులో పడిన చెంబుతో సమానము. అడ్డుబల్లల క్రింద ఆ తెల్లని ముద్దను దాచి ఉంచునది ఇందుకే. అది చెత్త కాదు, పడవ ప్రాణము.

ఎంత కావలెనో లెక్క కట్టుట కష్టము కాదు. 65 కిలోల రేకు పడవ నీటిలో మునిగినప్పుడు తన బరువులో మూడవ వంతుకు పైగా తగ్గును, 41 కిలోలు మిగులును. 30 కిలోల మోటారు ఇనుము గనుక స్వల్పముగా తగ్గి 26 కిలోలుగా నిలుచును. మనిషి మెడ వరకు నీటిలో ఉన్నప్పుడు అతనిని నిలుపుటకు 20 కిలోలు చాలును, ఇద్దరికి 40. వల, లంగరు, చిల్లర సామాను 10. మొత్తము 117 కిలోలు. ఒక ఘనపుటడుగు నీరు 28 కిలోల చిల్లర తూగును. ఘనపుటడుగు థర్మోకోలు అరకిలో మాత్రమే ఉండును గనుక కొంత తరుగు తీసివేసినను 27 కిలోలను నిలుపునని అనుకొనవచ్చును. నాలుగు ఘనపుటడుగుల పైచిల్లర సరిపోవుననిపించును గాని, కొంత మిగులుబాటు ఉండవలెను. అయిదున్నరకు తగ్గరాదు. దీనిని ఒకేచోట కుక్కరాదు. రెండు ప్రక్కల అంచుల క్రింద ఎత్తుగా కొంత, మోటారు బరువు పడే వెనుక మూలలలో మరికొంత పెట్టవలెను. అంతా అడుగున పెడితే, నిండిన పడవ బోర్లపడి వీపు చూపును.

థర్మోకోలు మీద పెట్రోలు పడితే బెల్లము నీటిలో కరిగినట్లు కరగును. కావున మందపాటి ప్లాస్టికు సంచిలో చుట్టి కట్టవలెను. అంతకంటె సులువు, మూత గట్టిగా బిగిసిన 20 లీటర్ల ఖాళీ క్యాన్లు. ఒక్కొక్కటి 19 కిలోలను నిలుపును, పైని లెక్కకు ఎనిమిది చాలును. నూనె క్యాన్లు, మంచినీటి క్యాన్లు కడిగి వాడవచ్చును. మిర్చికి, ప్రత్తికి కొట్టిన పురుగుమందుల డబ్బాలను మాత్రము వాడరాదు. ఈ మాట ప్రత్యేకముగా చెప్పుటకు కారణమున్నది. మన ప్రాంతమున ప్రతి కళ్ళములోను అవే ఎక్కువగా పడియుండును, ఊరికే వచ్చినవని చేయి ముందుగా వాటి మీదికే పోవును. చేప పట్టే పడవలో, మంచినీళ్ళు త్రాగే పడవలో వాటికి చోటు లేదు. మూడుసార్లు కడిగి, చిల్లు పెట్టి, మరల వాడరాకుండ చేయవలసిన డబ్బాలవి.

ఇప్పుడు బల్ల సంగతి. 8 అడుగులు పొడవు, 4 అడుగులు వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందము గల ప్లైవుడ్ పలక సుమారు 35 కిలోలు తూగును. రెండు పలకలు, వాటి క్రింది చట్రము కలిపితే 90 కిలోలకు చేరును. తడిసిన కొలది ఇంకను పెరుగును. 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల పడవ నీటిని తాకే వైశాల్యము రమారమి 36 చదరపుటడుగులు. అది ఒక అంగుళము దిగుటకు 85 కిలోలు చాలును. అనగా రెండు మిర్చి టిక్కీల బరువు. ఎవరును ఎక్కకముందే, వల వేయకముందే, అంగుళము పోయినది. ఒక అంగుళమే కదా అనవచ్చును. బరువు దిగుట కంటె బరువు పైకెక్కుట ఎక్కువ ప్రమాదము. ధాన్యపు బస్తాల బండి గోతిలో పడినను నిలుచును, ఎత్తుగా పేర్చిన వరిగడ్డి బండి చిన్న మలుపులోనే ఒరిగిపోవును. మోకాలి ఎత్తు బల్ల మీద మనిషిని నిలబెట్టుట బస్తాల బండిని గడ్డి బండిగా మార్చుటయే. నిలబడి వల విసిరే మనిషి బరువంతయు ఒక ప్రక్కకే పోవును.

మూసివేసిన బల్లలో మరియొక కీడున్నది. దాని క్రింద చేరిన నీరు కంటికి కనపడదు. అడుగున 30 చదరపుటడుగుల మేర రెండంగుళాల నీరు నిలిచిన అది 140 కిలోలు. పడవ ఎటు ఒరిగితే అటు పరుగెత్తి, ఆ ఒరుగుటను మరింత పెంచును. తెరచియున్న పడవలో డబ్బాతో తోడి పోయుదుము. బల్ల క్రింద ఉన్నదానిని ఎవరు తోడుదురు? పెట్రోలు ఆవిరియు అక్కడనే చేరును. నిప్పురవ్వకు అది చాలును.

బల్ల అసలు వద్దని నేను అనుట లేదు. కాలు కాలకుండ, వల చిక్కకుండ, చదునుగా ఉండుటకు ప్లైవుడే కావలెనా అని అడుగుచున్నాను. నా మట్టుకు వెదురు తడకయే మేలు. వెదురు దబ్బలను అంగుళము సందుతో నైలాను త్రాటితో అల్లి, రెండు మూడు ముక్కలుగా చేసి, అడుగు పట్టీల మీదనే పరచవలెను. అంతయు కలిపి 15 కిలోలు దాటకుండ అల్లవచ్చును. నీరు సందులలోనుండి దిగును, కనపడును, ముక్కను ఎత్తి తోడవచ్చును. ఎండకు కాలదు. చెడిపోయిన ముక్కను మేదరివాని చేత మరల అల్లించుకొనవచ్చును. నిలబడుటకు ఎత్తు కావలెనన్నచో ముక్కు దగ్గర మాత్రము చిన్న బల్ల, అదియు అడ్డుబల్ల ఎత్తును మించకుండ, 12 మిల్లీమీటర్ల పలకతో వేసికొనవచ్చును. అడ్డుబల్లలను మాత్రము కోయరాదు. అవి కూర్చొనుటకే ఉన్నవని అనుకొందుము గాని, ఇంటికి దూలము ఎట్లో పడవ ప్రక్కలకు అవి అట్లు. వాటిని తీసివేసిన పడవ అలకు లోపలికి వంగి, రివిట్లు వదులై, కారుట మొదలు పెట్టును.

బిగింపులలో రైతుకు ముందే తెలిసిన సూత్రము ఒకటున్నది. బోర్డో మిశ్రమమును ఇనుప పాత్రలో కలుపరాదని మన శాఖ ఎన్నో దశాబ్దాలుగా చెప్పుచున్నది. మిశ్రమము సరిగా కుదరనిచో అందులో ముంచిన చాకు మీద రాగి పూత ఏర్పడును, ఆ మేరకు ఇనుము కరగును. అల్యూమినియము ఇనుము కంటెను సున్నితము. మైలుతుత్తము నీరు, రాగి మందులు కలిపిన బక్కెట్టు రేకు పడవలో ఒలికితే వెంటనే కడుగవలెను, లేనిచో రేకులో సూదిబెజ్జములు పడును. రాగి లవణములతో శుద్ధి చేసిన కొయ్యను రేకునకు ఆనించి బిగించినను ఇదే ఫలితము. ఇనుప మేకులు, ఇనుప బోల్టులు తడిలో రేకును తమ చుట్టును తినివేయును. మంచినీటిలో నెమ్మదిగాను, ఉప్పునీటిలో వడిగాను ఇది జరుగును. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టుకు నైలాను వాషరు వేసి బిగించవచ్చును, లేదా అల్యూమినియపు రివిట్టే వాడవచ్చును. లంకలో ఇల్లు కట్టేవారు సిమెంటు, సున్నము ఈ పడవలో వేయుచున్నారు. తడిసిన సిమెంటు, సున్నము రెండును అల్యూమినియమును కొరుకును. క్రింద పట్టా పరచి వేయుడు, దిగిన వెంటనే కడుగుడు.

చిల్లు పడినచో ఊరి వెల్డింగు దుకాణములో ఇనుమునకు వాడే పుల్లతో అతుకు వేయించరాదు. అల్యూమినియమునకు ఆర్గాన్ వాయువుతో చేయు వెల్డింగు కావలెను. ఆ వేడికి ముందు పెట్రోలు ట్యాంకును, థర్మోకోలును తీసి దూరముగా పెట్టవలెను.

మార్పులు ముగిసిన పడవను నదిలోనికి తీసికొనిపోవుటకు ముందు ఒక పరీక్ష ఉన్నది. ఇది ఖర్చు లేనిది, ఒక పూట పని. పారే కాలువలో కాదు, నడుము లోతు గల నిలువ నీటిలో పడవను పెట్టి, మోటారుకు బదులు అంత బరువు ఇసుక బస్తాను వెనుక కట్టి, పడవను నీటితో నింపవలెను. నిండిన పడవ తేలవలెను, తేలుటయే కాదు, సమముగా తేలవలెను. ఇద్దరు ఒకే అంచును పట్టుకొని వ్రేలాడినను బోర్లపడరాదు. తోక మునిగితే వెనుకకు మరి రెండు క్యాన్లు చేర్చవలెను. తరువాత నీరు తోడివేసి, మామూలుగా ఎక్కే మనుషులను, సామానును ఎక్కించి, నీటికి పైన అంచు ఎంత మిగిలినదో అన్నిటికంటె పల్లముగా ఉన్నచోట కొలువవలెను. అడుగు కంటె తగ్గరాదని నా అభిప్రాయము. ఆ మట్టమునకు ప్రక్కన ఎర్ర రంగుతో గీత గీయవలెను. గీత మునిగినదంటే ఒక మనిషియో, ఒక బస్తాయో దిగవలెను. చదువు రానివారికి గూడ గీత తెలియును.

గ్రామాధికారులకు ఒక మాట. 2017 నవంబరు 12న మన ఎదుటి ఒడ్డునే, ఇబ్రహీంపట్నము పవిత్ర సంగమము వద్ద పడవ తిరగబడి ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయినారు. అది పెద్ద పడవ, విహారమునకు తిరిగినది. అటువంటి వాటి మీద అప్పటినుండి కొంత చూపు పడినది. చిన్న పడవ మీద పడలేదు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహము 11 లక్షల 43 వేల క్యూసెక్కులు దాటినప్పుడు ఎగువన కట్టు తెగిన పడవలు వచ్చి గేట్ల బరువుదిమ్మెలను ఢీకొన్నవి. 1957లో పూర్తియైన బ్యారేజికి అంత దెబ్బ తగులుట వెనుక వరద ఉధృతి ఎంత ఉన్నదో, పడవను కట్టిన కొక్కెము, త్రాడు అంత ఉన్నవి. రేకు పడవకు మార్పులు చేసేవారు కట్టుకొక్కెమును పలుచని రేకునకే బిగించుచున్నారు. లోపలివైపున అరచేయి అంత మందపాటి పలకను ఆనించి బిగించినచో రేకు చిరిగిరాదు. అదే వారములో బుడమేరు నీరు విజయవాడ కాలనీలను ముంచినప్పుడు పడవ కొరకు జనము ఎంత ఎదురుచూచినారో అందరికి తెలిసినదే. అటువంటి రోజున ఊరి పడవలన్నియు పిలువబడును, అలవాటు లేనివారు, పిల్లలు, వృద్ధులు ఎక్కుదురు. మునిగిన తేలని పడవ ఆ రోజు రక్షించుటకు బదులు ముంచును.

2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము యంత్రము లేని పడవలను గూడ జిల్లా, మండల, గ్రామ స్థాయిలలో నమోదు చేయుటకు వీలు కల్పించినది. నమోదు అనగా పేరు, పొడవు, వెడల్పు వ్రాసికొనుటతో సరిపెట్టుట మన అలవాటు. గ్రామ సచివాలయములోని మత్స్య సహాయకుడు నది ఒడ్డు గ్రామమున ఏడాదికి ఒకనాడు, తొలకరికి ముందు, పైన చెప్పిన నీటి పరీక్షను రేవులో అందరి ఎదుట చేయించి, ఎర్ర గీత గీయించి, ఎందరు ఎక్కవచ్చునో ప్రక్కన అంకె వ్రాయించిన బాగుండును. దీనికి కొత్త పథకము అక్కరలేదు. రంగు డబ్బా ఒకటి, ఇసుక బస్తాలు రెండు కావలెను. కొందరు పడవవారు దీనిని అధికారుల వేధింపుగా తలచవచ్చును. మొదటి పడవ తేలకుండ అడుగునకు పోవుట చూచిన తరువాత ఆ మాట అనరని నా నమ్మకము. లైఫ్ జాకెట్ల సంగతి నేను విడిగా వ్రాయను. పడవలో ఎందరు ఎక్కుదురో అన్ని ఉండవలెను, పెట్టెలో కాదు, ఒంటి మీద.

మా వాడు పడవను అమ్మివేయుదుననినాడు గాని అమ్మలేదు. క్రొత్త అడ్డుబల్ల వేయించి, ప్రక్కల అంచుల క్రింద ఎనిమిది నూనె క్యాన్లు కట్టినాడు. తడక అల్లుటకు మంగళగిరి నుండి మేదరివానిని పిలిపించితిని, ఆ కూలి నేనే ఇచ్చితిని. ఆ రెండు ప్లైవుడ్ పలకలు ఇప్పుడు వాని గొడ్లసావడిలో తవుడు బస్తాల క్రింద ఉన్నవి.